ఒక్కో కన్నూ విడిగా: ఇంట్లో, బడిలో చూపు కొలిచే పద్ధతి

రెండు కళ్ళూ తెరుచుకుని చూసినంతసేపూ మంచి కన్ను రెండో కంటి లోటు కప్పేస్తుంది. అందుకే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒక కంటికి చూపు తగ్గిన సంగతి చాలామందికి ఏళ్ళ తరబడి తెలియదు. ఏదో ఒకరోజు మంచి కంట్లో నలక పడి దాన్ని మూసుకుంటే అప్పుడు బయటపడుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది సార్, ఇవాళ పొద్దున్నుంచే ఆనడం లేదు" అంటారు. నిజానికి అది నిన్నటిదో మొన్నటిదో కాదు, ఎప్పటిదో.

ఈ మార్గదర్శి ఒకే పని గురించి. ఒక్కో కంటి చూపునూ విడిగా కొలవడం, వచ్చిన అంకెను తేదీ వేసి రాసుకోవడం. దీనికి మిషన్లు అక్కర్లేదు. టేపు, సరైన కొలతల చార్టు, ఒక అట్టముక్క, కాస్త ఓపిక చాలు. బడి టీచర్లు, ఆశా కార్యకర్తలు, ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలు ఎవరైనా చేయొచ్చు. జబ్బు ఏమిటో తేల్చడం డాక్టరు పని. చూపు ఎంత ఉందో కొలిచి, మొన్నటి కంటే తగ్గిందో లేదో కనిపెట్టడం మన చేతిలో పని.

6/6 అంటే

ఓపీ చీటీ మీద 6/6, 6/18, 6/60 అని రాసి ఉంటుంది. పై అంకె మీరు చార్టుకు ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నారో చెబుతుంది. కింది అంకె, మీరు చదవగలిగిన చివరి గీతను, అంటే చార్టులోని అక్షరాల వరసను, మామూలు చూపున్న మనిషి ఎంత దూరం నుంచి చదవగలడో చెబుతుంది. అంటే 6/18 ఉన్న మనిషి ఆరు మీటర్ల దగ్గరికి వస్తే గానీ చదవలేనిది, మంచి చూపున్నవాడు పద్దెనిమిది మీటర్ల నుంచే చదివేస్తాడు. అమెరికావాళ్ళు ఇదే లెక్కను అడుగుల్లో 20/20 అంటారు. 6/12 ఉంటే సగం చూపు పోయిందని కొందరు బెంబేలు పడతారు. ఇది మార్కుల శాతం కాదు. 6/12 తో చాలామంది అన్ని పనులూ చేసుకుంటూనే ఉంటారు, కారణం మాత్రం కనుక్కోవాలి.

ఈ పద్ధతిని 1862లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరపు కంటి డాక్టరు హెర్మన్ స్నెల్లెన్ ఇచ్చాడు. ఒక డిగ్రీ కోణాన్ని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని నిమిషం అంటారు. 6/6 గీతలోని అక్షరం ఆరు మీటర్ల దూరంలో కంటి దగ్గర సరిగ్గా ఐదు నిమిషాల కోణం చేస్తుంది. ఆ అక్షరంలోని ఒక్కో గీత మందం ఒక నిమిషం. చార్టులో అన్నీ ఈ లెక్కమీదే నడుస్తాయి కాబట్టి దూరం మారినా, అక్షరం సైజు మారినా వచ్చిన అంకె తప్పే.

కొన్ని ఆసుపత్రుల చీటీల్లో 0.0, 0.3, 1.0 లాంటి అంకెలు కనిపిస్తాయి. అది లాగ్‌మార్ లెక్క. ఆస్ట్రేలియాలో బెయిలీ, లోవీ అనే ఇద్దరు 1976లో తయారుచేసిన చార్టుది. ప్రతి గీతకూ ఐదేసి అక్షరాలు ఉంటాయి. అందులో 0.0 అంటే 6/6, 0.3 అంటే 6/12, 1.0 అంటే 6/60. ఇక్కడ అంకె పెరిగితే చూపు తగ్గినట్టు. ఇది తెలియక 0.3 నుంచి 0.6 అయిందని సంబరపడేవాళ్ళు ఉన్నారు.

ఇంకో గందరగోళం కూడా తీర్చుకుందాం. "నా సైటు మైనస్ రెండు" అంటారు కదా, అది కళ్ళజోడు పవర్. చూపు వేరు, పవర్ వేరు. మైనస్ ఐదు అద్దాలు పెట్టుకున్న అమ్మాయి అద్దాలతో 6/6 చదవొచ్చు. ఏ పవరూ లేని తాతకు శుక్లం వల్ల 6/60 కూడా కనపడకపోవచ్చు.

చార్టును స్కేలుతో కొలవండి

ఇంట్లో చేసే పరీక్ష ఎక్కువగా తప్పేది ఇక్కడే. వాట్సాప్‌లో వచ్చిన చార్టును జెరాక్స్ షాపులో ప్రింటు తీయిస్తే కాగితానికి సరిపోయేలా అక్షరాలు కుదించుకుపోతాయి. ఫోన్ తెర మీద చూపించే చార్టు ఇంకా అన్యాయం. అందుకే ముందు స్కేలు తీసుకుని అక్షరం ఎత్తు కొలవాలి.

ఆరు మీటర్ల చార్టులో 6/60 అక్షరం ఎత్తు సుమారు 87 మిల్లీమీటర్లు ఉండాలి. 6/36 కు 52, 6/24 కు 35, 6/18 కు 26, 6/12 కు 17.5, 6/9 కు 13, 6/6 కు 8.7. మూడు మీటర్ల చార్టు అయితే ఇవన్నీ సగానికి సగం. అంటే అన్నిటికంటే పెద్ద అక్షరం 44 మిల్లీమీటర్లు, 6/6 అక్షరం నాలుగున్నరకు కాస్త తక్కువ. మిల్లీమీటరు అటూ ఇటూ పెద్ద అక్షరాల్లో పరవాలేదు, చిన్నవాటిలో పరవా ఉంది. ఇంత తలనొప్పి ఎందుకనుకుంటే మెడికల్ సామాను అమ్మే షాపులో అచ్చు చార్టు కొనుక్కోండి. అదేమంత ఖరీదు కాదు. కొన్నాక కూడా ఒకసారి కొలవండి.

ఏ అక్షరాల చార్టు? ఇంగ్లీషు వచ్చిన పిల్లలకు ఇంగ్లీషుది. తెలుగు అక్షరాల చార్టులూ దొరుకుతాయి, పెద్దవాళ్ళకు అవి సుఖంగా ఉంటాయి. కాకపోతే మన అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ. ప, వ, ష లాంటివి దూరం నుంచి ఒకదానిలాగే ఒకటి కనిపిస్తాయి. ర, ట లాంటివాటిని ఆకారం పూర్తిగా తెలియకుండానే పోల్చేస్తారు. చదువుతో నిమిత్తం లేకుండా అందరికీ సమంగా పనికొచ్చేది E చార్టు. ఇంగ్లీషు పెద్ద E అక్షరాన్ని నాలుగు వైపులకూ తిప్పి వేసి ఉంటుంది. అది మూడు పళ్ళ దువ్వెనలా ఉంటుంది, పళ్ళు ఎటు ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. నా ఓటు దానికే. ఐదేళ్ళ పిల్లకూ, సంతకం రాని అవ్వకూ ఒకే చార్టు సరిపోతుంది.

చోటు, వెలుతురు

ఆరు మీటర్లంటే పంతొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు. బడి వరండాలో హాయిగా దొరుకుతుంది. ఇంట్లో దొరక్కపోతే మూడు మీటర్ల చార్టు తెచ్చుకోండి. ఆరు మీటర్ల చార్టును మూడు మీటర్లలో పెట్టి చదివిస్తే అందరూ పాసవుతారు, అంతకుమించి ప్రయోజనం ఏమీ లేదు. అడుగులేసి కొలవొద్దు, టేపు పెట్టండి. దూరం కొలిచేది చార్టు నుంచి కంటి దాకా, కాలి బొటనవేలి దాకా కాదు. సుద్దముక్కతో గీత గీసి, కుర్చీ వేసి, వీపు కుర్చీకి ఆనించి కూర్చోబెట్టండి. నిలబెడితే తెలియకుండానే ముందుకు వంగుతారు, ముఖ్యంగా పిల్లలు.

చార్టు కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఉండాలి. వెలుతురు దాని మీద సమంగా పడాలి. కిటికీ చార్టు వెనక ఉంటే కళ్ళు జిగేలుమని అక్షరాలు నల్లబడతాయి. ట్యూబులైటు పైనుంచి పడుతూ, కాగితం మెరవకుండా ఉంటే సరిపోతుంది. మే నెల ఎండలో పొలం నుంచి వచ్చిన మనిషిని వెంటనే కూర్చోబెట్టొద్దు. ముఖం కడుక్కుని, కాసిని మంచినీళ్ళు తాగి, నీడలో కాసేపు కూర్చున్నాక మొదలుపెట్టండి.

కన్ను మూసే పద్ధతి

కుడికన్నుతో మొదలుపెట్టడం అలవాటు. ఎప్పుడూ ఒకే వరసలో చేస్తే రాసేటప్పుడు తారుమారు కాదు. ఒకవేళ ఏదో ఒక కంటికి చూపు తక్కువని ముందే తెలిస్తే ఆ కంటినే ముందు చూడండి. మంచి కన్ను ముందు చదివేస్తే అక్షరాలు నోటికొచ్చేస్తాయి.

ఎడమకన్నును అట్టముక్కతో మూయించండి. చేత్తో మూస్తే వేళ్ళ సందుల్లోంచి చూస్తారు. పిల్లలు మోసం చేయాలని కాదు, తప్పు చెబితే తిడతారేమోనన్న టెన్షన్‌తో చూస్తారు. తప్పనిసరై చెయ్యే వాడితే అరచేతి గుంట కంటిమీదకు వచ్చేలా పెట్టించండి, నొక్కకుండా. నొక్కితే ఆ కంటికి కాసేపు మసక వస్తుంది, దాని వంతు వచ్చేసరికి తప్పు అంకె వస్తుంది. మూసిన కన్ను అట్ట వెనక తెరిచే ఉండాలి.

తెరిచిన కన్నును సగం మూసి, చిట్లించి చూడనివ్వొద్దు. చిట్లిస్తే రెప్పల మధ్య సన్నని సందు ఏర్పడి చూపు కాస్త మెరుగవుతుంది. అది నిజం చూపు కాదు. టీవీ చూస్తూ కళ్ళు చిట్లించే పిల్లల్ని ఇంట్లోవాళ్ళు "స్టైలు కొడుతున్నాడు" అని వదిలేస్తుంటారు. ఆ పిల్లల్నే ముందు కూర్చోబెట్టాలి.

కళ్ళజోడు ఉన్నవాళ్ళకు ముందు అద్దాలు తీసి, తర్వాత పెట్టి, రెండుసార్లు కొలవండి. దగ్గరి చూపు కోసం వాడే చత్వారం అద్దాలు దూరపు పరీక్షకు పెట్టనివ్వొద్దు.

చదివించడం

ముందు దగ్గరికి పిలిచి పెద్ద అక్షరం చూపించి, ఎలా చెప్పాలో నేర్పండి. "అవ్వా, ఈ గీతలు ఎటుపక్కకు ఉంటే చెయ్యి అటుపక్కకు చూపించు, తప్పయినా పర్లేదు, నీకు ఎట్లా కనబడితే అట్లా చెప్పు" అంటే చాలు. పల్లెల్లో పెద్దవాళ్ళు తప్పు చెప్పడానికి మొహమాటపడి "కనపడలేదయ్యా" అని తొందరగా వదిలేస్తారు. కనపడకపోవడం వేరు, చెప్పడానికి వెనకాడటం వేరు. "ఊహించి చెప్పు" అని ఒకటికి రెండుసార్లు అడగండి. ఊహించమన్నాక మరో గీత చదివేసేవాళ్ళు చాలామంది ఉంటారు.

పై నుంచి కిందికి రండి. ఒక గీతలో సగానికి పైగా సరిగ్గా చెబితే ఆ గీత వచ్చినట్టు. E చార్టులో గుడ్డిగా చెప్పినా నాలుగింట ఒకటి తగులుతుంది కాబట్టి అక్కడ కాస్త గట్టిగా ఉండాలి. ఐదింటికి నాలుగు రావాలి. అక్షరాన్ని వేలితోనో పుల్లతోనో చూపించేటప్పుడు దాన్ని కప్పకుండా కిందనుంచి చూపించండి. మీరు ముఖకవళికలతో జవాబు చెప్పేయకండి. "కాదు కాదు, బాగా చూడు" అంటే అది పరీక్ష కాదు, ట్యూషన్.

బడిలో వరసగా కూర్చోబెట్టి చేస్తే నాలుగో పిల్లాడికే చార్టు కంఠతా వచ్చేస్తుంది. పరీక్ష జరిగే చోటికి ఒక్కొక్కరినే పిలవండి. రెండో కంటికి అక్షరాలు వెనకనుంచి ముందుకు అడగండి. E చార్టు అయితే తలకిందులుగా తగిలిస్తే కొత్త చార్టు అయిపోతుంది, చిన్న అక్షరాలు పైకి వస్తాయన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

అన్నిటికంటే పైన ఉన్న పెద్ద అక్షరం కూడా కనపడకపోతే మనిషిని దగ్గరికి జరపండి. మూడు మీటర్లలో అది కనబడితే 3/60. ఒక మీటరులో కనబడితే 1/60. అప్పటికీ కనపడకపోతే డాక్టర్లు వేళ్ళు లెక్కపెట్టిస్తారు, అదీ లేకపోతే చెయ్యి ఊపితే తెలుస్తుందా, టార్చి వెలుగు తెలుస్తుందా, ఏ వైపునుంచి వస్తోందో తెలుస్తుందా అని చూస్తారు. టార్చి వెలుగు అన్ని వైపులా తెలిస్తే ముదిరిన శుక్లానికి కూడా ఆపరేషన్ మీద ఆశ ఉంటుంది. అందుకే "అసలేమీ కనపడదు" అనే మాటతో సరిపెట్టుకోకూడదు.

రాసిపెట్టడం

తేదీ. కుడి, ఎడమ. అద్దాలు లేకుండా, అద్దాలతో. ఉదాహరణకు, "కుడి: అద్దాలు లేకుండా 6/24, అద్దాలతో 6/6. ఎడమ: అద్దాలు లేకుండా 6/36, అద్దాలతో 6/9, రెండు అక్షరాలు తప్పు." ఇంతే. రేషన్ కార్డు, ఆధార్ పెట్టే కవర్లోనే ఈ కాగితం కూడా పెట్టండి. విడిగా వచ్చిన ఒక్క అంకెతో పెద్దగా తెలిసేది లేదు. ఆరు నెలల తర్వాత వచ్చిన రెండో అంకెను దాని పక్కన పెట్టినప్పుడు అది మాట్లాడుతుంది. షుగర్ ఉన్న నాన్నకు పోయిన సంక్రాంతికి 6/9 ఉండి, ఈ సంక్రాంతికి 6/24 అయితే, ఆ తేడా డాక్టరుకు ఎంతో ఉపయోగం. "కొంచెం తగ్గినట్టుంది సార్" అన్న మాటకు అంత విలువ ఉండదు.

కంటి ఆసుపత్రిలో అన్నిటికంటే ముందు చూపు కొలిచేది కూడా ఇందుకే. మందు వేయకముందు, ఆపరేషన్ చేయకముందు ఎంత ఉందో రాసి ఉంటేనే తర్వాత మేలు జరిగిందో లేదో తేలుతుంది. దీనికి ఒకటే మినహాయింపు. కంట్లో సున్నమో, యాసిడ్డో, పురుగుమందో పడితే కొలతలూ లేవు, చీటీలూ లేవు. ముందు శుభ్రమైన నీళ్ళు ధారగా పోస్తూ కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు కడగాలి. ఆ తర్వాతే ఆసుపత్రికి ఉరకాలి.

సూదిబెజ్జం పరీక్ష

చూపు 6/9 కంటే తక్కువ వస్తే ఇది చేయండి. నల్ల అట్టముక్కకు బట్టలు కుట్టే లావు సూదితో సుమారు ఒక మిల్లీమీటరు బెజ్జం పెట్టండి. అంచులు చిరగకూడదు. చేతులు వణికే పెద్దవాళ్ళకు పక్కపక్కనే నాలుగైదు బెజ్జాలు పెడితే ఏదో ఒకటి కంటికి తగులుతుంది. ఒక కన్ను మూసి, రెండో కంటితో ఆ బెజ్జంలోంచి చార్టు చదివించండి. దూరపు అద్దాలుంటే పెట్టుకునే చూడాలి.

6/24 చదివిన మనిషి బెజ్జంలోంచి 6/9 చదివితే సమస్య ఎక్కువగా పవర్‌ది. అద్దాలు ఇస్తే, లేదా ఉన్న అద్దాలు మారిస్తే చూపు వస్తుంది. సన్నని బెజ్జం చెదిరిన కిరణాలను ఆపేసి, తిన్నగా వచ్చేవాటినే లోపలికి పంపుతుంది, అందువల్ల పవర్ లోపం పెద్దగా అడ్డురాదు. బెజ్జంలోంచి చూసినా ఏమాత్రం మెరుగు లేకపోతే శుక్లం, కంటి నరం లేదా రెటీనా (కంటి వెనక పొర) జబ్బు, నల్లగుడ్డు మీద మచ్చ లాంటివి ఉన్నాయేమో చూడాలి. అలాంటి మనిషి అద్దాల షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈ చిన్న అట్టముక్క ఎంతోమందికి అనవసరంగా కొనే కళ్ళజోళ్ళ ఖర్చు తప్పిస్తుంది. ఇది తుది తీర్పు మాత్రం కాదు, కొన్ని రకాల శుక్లాల్లో బెజ్జంతో కొంత మెరుగు కనిపిస్తుంది.

దగ్గరి చూపు

నలభై దాటాక సూదిలో దారం ఎక్కదు, మందు డబ్బా మీద తేదీ కనపడదు. చత్వారం అందరికీ వచ్చేదే. దగ్గరి చార్టును నలభై సెంటీమీటర్ల దూరంలో, మూర కంటే కాస్త తక్కువలో పట్టుకుని చదివించాలి. అందులో గీతల పక్కన ఎన్6, ఎన్8, ఎన్12 అని ఉంటుంది, అంకె చిన్నదైతే అక్షరం చిన్నది. ఎన్6 చదివితే బాగున్నట్టు. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కేవాళ్ళు, టైలర్లు, పొగాకు ఆకును రంగు చూసి గ్రేడు చేసే ఆడవాళ్ళు చత్వారం అద్దాలు లేకుండానే కష్టపడుతుంటారు. వాళ్ళకు పరీక్ష చేసేటప్పుడు నలభై సెంటీమీటర్లతో పాటు, పని చేసే దూరంలో కూడా చూడండి.

సంతలో అమ్మే రెడీమేడ్ అద్దాలు వాడొచ్చా అని అడుగుతారు. దూరపు చూపు రెండు కళ్ళకూ 6/6 ఉండి, దగ్గరిదే సమస్య అయితే పని జరుగుతుంది. కానీ ఆ పేరుతో కంటి పరీక్ష మానేస్తారు, నా అభ్యంతరం అక్కడే.

పిల్లల సంగతి వేరు

పుట్టుకతోనే ఒక కంటికి మసక ఉన్న పిల్లాడికి, లోకం అలాగే ఉంటుందనుకుంటాడు కాబట్టి, అడిగినా చెప్పడం తెలియదు. ఒక కంటికి పవర్ ఎక్కువగా ఉండి రెండోది మామూలుగా ఉన్నా, మెల్లకన్ను ఉన్నా, మెదడు ఆ బలహీనమైన కంటి బొమ్మను పట్టించుకోవడం మానేస్తుంది. దీన్నే లేజీ ఐ అంటారు. కన్ను పైకి బాగానే ఉంటుంది, అద్దాలు పెట్టినా 6/6 రాదు. అద్దాలిచ్చి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి, బలహీనమైన కంటితో పని చేయిస్తే చూపు తిరిగి వస్తుంది. ఏడెనిమిదేళ్ళ లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది, ఆ తర్వాత కష్టం పెరుగుతుంది. మెల్లకన్ను అదృష్టమనే మాటకు ఈ పిల్లలు చెల్లించే మూల్యం చాలా ఎక్కువ. అందుకే బడిలో చేర్చేముందు ఒకసారి, తర్వాత ఏటా ఒకసారి కొలవాలి.

మూడు నాలుగేళ్ళ పిల్లలతో E అక్షరం ఆటలా ఆడించవచ్చు. అట్టతో పెద్ద E కత్తిరించి చేతికివ్వండి, "నాయనా, అక్కడున్నట్టే నువ్వూ తిప్పు" అనండి. అంతకంటే చిన్నవాళ్ళకు చార్టు కుదరదు. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూసినప్పుడు ఏడ్చి చెయ్యి తోసేస్తే, తోసినప్పుడు మూసింది మంచి కన్ను అయ్యే అవకాశం ఉంది. ఫోటోలో ఒక కంటిపాప తెల్లగా మెరిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. అది కంటిలో గడ్డ కావచ్చు, చిన్నపిల్లల్లో శుక్లమూ కావచ్చు.

అంకె చూసి ఏం చేయాలి

పిల్లలకు ఏ ఒక్క కంటికైనా 6/9 గీత చదవడం రాకపోతే పంపండి. రెండు కళ్ళ మధ్య రెండు గీతల తేడా ఉన్నా పంపండి, మంచి కన్ను 6/6 ఉన్నా సరే. పెద్దవాళ్ళలో పాత అంకె కంటే రెండు గీతలు తగ్గితే చాలు. 6/18 కి దిగితే, బెజ్జంతో మెరుగు లేకపోతే, ఇక వాయిదా వేయొద్దు. శుక్లం ముదిరాకే తీయాలన్నది పాతకాలపు మాట. ఇప్పుడు పనులకు అడ్డమొస్తే తీసేసి లెన్స్ పెడతారు. బాగా ముదరనిస్తే ఆపరేషన్ కష్టమవుతుంది, కంట్లో ప్రెజరు పెరిగి నొప్పి కూడా రావచ్చు.

ఉన్నట్టుండి చూపు పోయినా, మెరుపులు, నల్లని పరదా కమ్మినట్టు కనిపించినా, కన్ను ఎర్రబడి నొప్పితో చూపు తగ్గినా అదే రోజు వెళ్ళాలి. వరి కోతల్లో ఆకు అంచో, వడ్ల నూగో నల్లగుడ్డుకు తగిలి పుండు పడటం మన డెల్టాలో మామూలే. చీమకుర్తి వైపు రాయి కోసేచోట రవ్వ ఎగిరి పడుతుంది. ఆకుపసరు, చనుబాలు పోయొద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చుక్కలు అసలు వద్దు, వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఫంగస్ పుండు ఇంకా లోపలికి పాకుతుంది.

6/6 ఉన్నా పట్టించుకోవాల్సినవి

నీటికాసుల జబ్బు (గ్లకోమా) చుట్టుపక్కల చూపును ముందు తినేస్తుంది, నడిమి చూపు చివరిదాకా మిగులుతుంది. చార్టు చదివేది నడిమి చూపే కాబట్టి, ఆ మనిషి 6/6 చదువుతూనే గడపలు తట్టుకుంటూ ఉంటాడు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నప్పుడు కూడా మొదట్లో చూపు తగ్గదు. అందుకే షుగర్ ఉన్నవాళ్ళు చూపు ఎంత బాగున్నా ఏటా ఒకసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. నలభై దాటినవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నవాళ్ళు కంటి ప్రెజరు, నరం చూపించుకోవాలి. మన ఇంటి చార్టు ఈ రెండు పరీక్షలకూ బదులు కాదు.

సదరం, లైసెన్సు

ఒక కన్ను పూర్తిగా పోయినా పెన్షన్ ఎందుకు రాదని సదరం (వైకల్య ధ్రువపత్రం ఇచ్చే) శిబిరాల దగ్గర వాదనలు జరుగుతుంటాయి. లెక్క ఇదీ. అద్దాలు పెట్టి వీలైనంత బాగుచేశాక మిగిలిన చూపునే చూస్తారు, అందులోనూ ప్రధానంగా మంచి కంటిని. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం మంచి కన్ను 6/6 నుంచి 6/18 మధ్య ఉండి రెండో కన్ను పూర్తిగా పోతే 30 శాతమే. 40 శాతం గీత దాటాలంటే మంచి కంటి చూపు కూడా 6/24 కి, అంతకంటే కిందికి పడి ఉండాలి, లేదా చుట్టుపక్కల చూపు బాగా కుంచించుకుపోయి ఉండాలి. మంచి కంటికి 3/60 కంటే తక్కువ ఉంటే అంధత్వం అని లెక్క. మన దేశంలో ఈ గీత ముందు 6/60 దగ్గర ఉండేది, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు సరిపెట్టారు. కనపడుతున్నా కనపడనట్టు చెబితే సరిపోతుందని సలహా ఇచ్చే మధ్యవర్తులను నమ్మొద్దు. నిజంగా కనపడుతోందో లేదో తేల్చే పద్ధతులు డాక్టర్ల దగ్గర ఉన్నాయి.

డ్రైవింగ్ లైసెన్సు ఫారం-1లో, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు పోల్చగలరా అన్న ప్రశ్న ఉంటుంది. అద్దాలుంటే పెట్టుకునే చూడొచ్చు. సంతకం పెట్టేముందు నిజంగా టేపుతో కొలిచి చూసుకోండి. బైపాస్ మీద రాత్రిపూట లారీల మధ్య బండి నడిపేది మీరే.

ఎక్కడికి, ఏం పట్టుకుని

మొదట దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఆప్తాల్మిక్ ఆఫీసరు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. అక్కడ పవర్ చూస్తారు, అవసరమైతే పైకి రాసిస్తారు. ఆపై నెల్లూరు పెద్దాసుపత్రి, ఒంగోలు రిమ్స్ ఉన్నాయి. నెల్లూరువాళ్ళు మద్రాసు శంకర నేత్రాలయకు, ఒంగోలు వైపువాళ్ళు పెదకాకాని శంకర ఆసుపత్రికి వెళ్ళడం కూడా మామూలే. ఎక్కడికి వెళ్ళినా మీ కొలతల కాగితం, ప్రస్తుత అద్దాలు, పాత అద్దాలు, పాత చీటీలు, వేసుకుంటున్న చుక్కల సీసాలు తీసుకెళ్ళండి. ఆపరేషన్ అయినవాళ్ళు, ముందు ఎంత ఉంది, ఇప్పుడు ఎంత ఉంది అని అడిగి, ఆ రెండు అంకెలూ రాయించుకుని రండి.

రెటీనా చూడటానికి వేసే చుక్కలతో కంటిపాప పెద్దదవుతుంది. నాలుగైదు గంటలు దగ్గరిది మసకగా ఉంటుంది, ఎండ భరించలేరు. పిల్లలకు వేసే కొన్ని మందులైతే ఇంకా ఎక్కువ రోజులు ఉంటాయి, ఆ రోజుల్లో బడికి వెళ్ళినా పుస్తకం చదవమని బలవంతపెట్టొద్దని టీచరుకు చెప్పండి. ఒంగోల్లో చుక్కలు వేయించుకుని దర్శి దాకా మధ్యాహ్నపు ఎండలో బైకు నడుపుకుంటూ పోవద్దు. ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్ళండి, లేకపోతే బస్సెక్కండి.